కాంతమ్మగారి ఎడమ చెయ్యి

కరెంటు గది

రాయగడలో మా గదిని ఫిజియోథెరపీ విభాగం అన్నది గోడ మీది బోర్డు ఒక్కటే. మనుషులందరికీ అది కరెంటు గది. "కరెంటు పెట్టించుకోడానికొచ్చేమమ్మా" అంటూ వచ్చేవారు. కరెంటు పెట్టె మీద ఎర్ర దీపం వెలిగితేనే వైద్యం జరిగినట్టు. వెలగని రోజున, నా చేతులు లాగేసేదాకా వాళ్ళ కాలు వంచి చాచి సాగదీసినా సరే, "ఈవేళ ఏటీ సెయ్యనేదు కదా" అని మొహం మీదే అనేసేవారు. నాకు ఒళ్ళు మండేది.

మాది గుణుపూర్ దగ్గర రైతు కుటుంబం. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ పొలాలు చేసుకున్నారు. నేను కటక్‌లో చదువు ముగించుకుని తొంభైల మొదట్లో రాయగడ ధర్మాసుపత్రిలో చేరాను. రిటైరయ్యేదాకా రాయగడ, కొరాపుట్ జిల్లాలు వదల్లేదు. ఇప్పుడు ఈ చదువు చదివిన పిల్లలు మా ఇంటికొచ్చి, ఏ మెషిను మంచిదండీ అని అడుగుతున్నారు. మెషిన్ల సంగతి అమ్మేవాడు చెప్తాడు, టీ కూడా ఇప్పించి మరీ చెప్తాడు. నేను చెప్పేది మాట గురించి.

మనిషి మన దగ్గరికి చచ్చుబడ్డ కాలో చెయ్యో ఒక్కటే తీసుకుని రాడు. ఒక వాక్యం కూడా తీసుకుని వస్తాడు. "ఇంక నా పనైపోయింది." "మా ఇంట్లో అందరికీ ఇంతే." "ఈ చెయ్యి పోయిందమ్మా." కండరం ఎలా సాగదీయాలో కాలేజీలో నేర్పుతారు. ఆ వాక్యాన్ని ఎలా సాగదీయాలో నేర్పరు. నాకు నేర్పింది ప్రమీల దీదీ.

దీదీ మా విభాగానికి పెద్ద. ఒడియా మనిషి. నాన్నగారిది సునాబెడ ఫ్యాక్టరీలో పని. క్వార్టర్స్‌లో అటూ ఇటూ తెలుగువాళ్ళే కావడంతో మన మాట ఆవిడకి పుట్టుకతో వచ్చినట్టే వచ్చింది. నేను పుస్తకాల తెలుగు మాట్లాడితే, "ఏటే అమ్మీ, రేడియోలో వార్తలు సదువుతున్నావా?" అని నలుగురిలో ఏడిపించేది. పొట్టిగా, కళ్ళద్దాలకు తాడు కట్టుకుని ఉండేది. కోపం వస్తే గది అదిరిపోయేది. కానీ రోగి ముందు కూర్చుంటే ఆవిడంత నెమ్మదైన మనిషిని నేను చూడలేదు. ఇప్పటికీ ఆవిడ పేరు చెప్తే నాకు గర్వంగా ఉంటుంది, ఏదో నా సొంత ఆస్తి గురించి చెప్పుకున్నట్టు.

"పోయింది" అనే మాట ఆవిడ నోట ఒక్కసారి కూడా వినలేదు. చెయ్యి పోయిందమ్మా అని వాళ్ళంటే, "అలిగిందా? ఎప్పటినుంచి అలిగింది?" అనేది. పోయినదాని కోసం ఎవరూ ఏమీ చెయ్యరు. అలిగినవాళ్ళనైతే బతిమాలుకుంటాం. ఆ ఒక్క మాటతో రోగి తన చేతివైపు తిరిగి చూసుకునేవాడు. అంతవరకూ దాన్ని దుప్పటి కింద దాచుకునేవాడు.

కోతులు, అప్పడాలు

బోరిగుమ్మ బడిలో ఒకసారి శిబిరం పెట్టాం. రిటైరైన బడి మాస్టారొకాయన భార్యను వెంటబెట్టుకుని వచ్చారు. మేడ మెట్లు ఎక్కలేనని ఫిర్యాదు. దీదీ ముందు మోకాళ్ళు రెండూ వంచి, నొక్కి, శ్రద్ధగా చూసింది. తర్వాత స్టూలు మీద కూర్చుంది.

"ఎక్కలేనని ఎప్పుడు తెలిసింది మాస్టారూ?"

"ఏడాది దాటిందమ్మా."

"ఈ ఏడాదిలో ఒక్కసారీ ఎక్కనేదా?"

"ఒక్కసారీ లేదు."

వెనకనుంచి ఆయన భార్య అందుకుంది. "మరి మొన్న అప్పడాలు ఎండేస్తే, కోతులొచ్చేయని కర్రట్టుకుని మేడెక్కిందెవులు?"

"అబ్బ, అవి కోతులే! అప్పుడు మెట్లు సూసుకుంటామేటి?"

శిబిరమంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. దీదీ నవ్వలేదు. ఏదో పెద్ద విశేషం విన్నట్టు ముందుకు వంగి, "ఆ రోజు ఏ కాలు ముందేసేరు మాస్టారూ?" అని అడిగింది. ఆయన ఆలోచించారు. గుర్తు రాలేదు. చూపించడానికని లేచి, ఆ బడి అరుగు మెట్ల దగ్గరికి వెళ్ళి ఎక్కి చూపించారు. ఎక్కాక మాత్రమే తను ఎక్కానని గ్రహించి, అరుగు మీద నిలబడి మా అందరినీ అనుమానంగా చూశారు.

గమనించండి. "మీరు ఎక్కగలరు మాస్టారూ" అని దీదీ అనలేదు. గలరు అని మనమంటే, లేనని వాళ్ళు వాదిస్తారు. వాదించిన కొద్దీ ఆ నమ్మకం ఇంకా బిగుసుకుంటుంది. మాస్టారి కాళ్ళు ఎక్కిన రోజు ఒకటి ఆయన దగ్గరే ఉంది. దీదీ దాన్ని ఆయన చేతే తీయించింది, అంతే.

అడక్కూడని ప్రశ్న

ఇదంతా విని మాటలతో కొండలు కదిలించవచ్చనుకునేరు. గుణుపూర్ వైపు రైతొకాయన ఉండేవాడు. ఎడ్లబండి బోల్తాపడి నడుముకు దెబ్బ తగిలింది. వార్డులో మంచం మీద ఉండి, "నానింక నాగలట్టలేనమ్మ" అన్నాడు. ఆ రోజు మాకు జనం ఎక్కువ. దీదీ నిలబడే, తొందరలో, "అట్టలేవని ఎవులన్నారు?" అని అడిగేసింది.

ఆయన తల తిప్పి చూశాడు. "నా నడుమన్నాదమ్మ. దాన్నడుగు" అన్నాడు. గోడవైపు తిరిగిపోయాడు.

పరీక్ష చేస్తే ఆయన చెప్పిందే నిజం. నరానికి తగిలిన దెబ్బ. దీదీ స్టూలు తెచ్చుకుని ఆయన మంచం కన్నా కిందకు కూర్చుంది. "తప్పయిపోనాది నాన్నా. అడక్కూడని మాట అడిగేను" అంది. అంత పెద్ద మనిషి, అందరి ముందూ! ఆ రోజు దీదీ మీద నా గౌరవం రెట్టింపైంది. బయటికొచ్చాక నాతో అంది. "సేత్తో సూడకుండా నోటితో సూడకే అమ్మీ." తర్వాత చాలా రోజులు ఆయన దగ్గరే కూర్చుని, కూర్చుని చేసుకునే పనులు సేద్యంలో ఏమేమున్నాయో ఆయన్నే అడిగి తెలుసుకుంది. నారు పెంచడం గురించి ఆయన మొదలుపెడితే ఆపడం కష్టమయ్యేది.

రెండువేల సంవత్సరం దాటాక మా వైపు కూడా మైకు పట్టుకుని మాట్లాడేవాళ్ళు దిగారు. జేకేపూర్‌లో ఒక హాలుకి నన్నూ పిలిచారు. కోటు వేసుకున్న కుర్రాడొకడు, అనుకుంటే మనిషి సాధించలేనిది లేదని గంటసేపు అరిచి చెప్పాడు. చప్పట్లే చప్పట్లు. నాకు మాత్రం వాణ్ణి చెయ్యి పట్టుకుని ఆ రైతు మంచం దగ్గర నిలబెట్టాలనిపించింది. నిజమైన "లేను" ఒకటుంటుంది, అలవాటైపోయిన "లేను" ఒకటుంటుంది. రెంటికీ తేడా తెలియనివాడు ఈ పనికి పనికిరాడు. ఇది నా ఖాయమైన అభిప్రాయం.

కాంతమ్మగారు

ఇప్పుడు అసలు కథకి వస్తాను. దీదీ పనితనం ఏమిటో నాకు పూర్తిగా తెలిసింది ఇక్కడే.

కాంతమ్మగారిది రాయగడ బజారులో పప్పులు, బెల్లం, చింతపండు కొట్టు. వాళ్ళవాళ్ళు విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన వ్యాపారులు. భర్త పోయాక, పిల్లలు లేని ఆ మనిషి కొట్టు మూయకుండా తనే గల్లాపెట్టె దగ్గర కూర్చుంది. చింతపండు గింజ తీసిందో తీయనిదో బస్తా మీద చెయ్యేసి చెప్పేసేది. ఆవిడతో బేరమాడి గెలిచినవాణ్ణి నేను చూడలేదు.

ఆవిడకి పక్షవాతం వచ్చింది. మాట దక్కింది. కాలు త్వరగానే తేరుకుంది, కర్ర కూడా అవసరం లేకుండా నడిచేది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. వేళ్ళు ముడుచుకుపోయి గుప్పెట పడిపోయింది. నెలలు గడిచినా అంతే. దీదీ మామూలుగానే, "ఇంకా అలకేనా?" అంటే కాంతమ్మగారు ఊరుకునే రకమా! "అలిగినోళ్ళు అన్నం కాడికైనా వస్తారమ్మా. ఇది దానికీ రాదు" అంది.

సరే, ఎడమచేతికి పని నేర్పుదామన్నాం. అక్కడ ఆగిపోయింది బండి.

"ఎడం సేత్తో అన్నం తింటాను, దేవుడు సమించుతాడు. ఎడం సేత్తో సరుకిచ్చే కొట్లో లచ్చిమి ఉంటాదేటమ్మా? మా అత్తగారు వింటే లేచొచ్చి కొడతాది" అంది.

ఇది నవ్వే విషయం కాదు. మనలో ఎవరమైనా ఎడమచేత్తో చిల్లర అందిస్తే తీసుకునేవాడు మొహం చిట్లిస్తాడు. వ్యాపారం చేసే ఇంట్లో అది ఇంకా గట్టి పట్టింపు. కొట్టు మూసి ఉంది. పార్వతీపురం నుంచి మరిది సత్యంగారు వచ్చి, దసరా వెళ్ళాక కొట్టు తను తీసుకుంటానని, వదినకి ఏ లోటూ రానివ్వనని అన్నాడు. ఆవిడ సరే అంది. మరిది చెడ్డవాడు కాడు. అదే కష్టం. చెడ్డవాడైతే పోట్లాడవచ్చు. "మంచోడేనమ్మా" అంది నాతో, చీర చెంగుతో ముక్కు తుడుచుకుంటూ. "కానీ రేప్పొద్దున్న గుప్పెడు పప్పు కావాలన్నా ఆడి మొహం సూడాల. ఇన్నాళ్ళూ ఊరికి తూచి ఇచ్చినదాన్ని." నాకూ ఏడుపొచ్చింది.

ఈ సంగతి మా పెద్ద డాక్టరుగారి దాకా వెళ్ళింది. చెయ్యి తిరిగిన డాక్టరు, మంచి మనిషి, కానీ ఉపన్యాసం అంటే ఇష్టం. ఆవిడని కూర్చోబెట్టి ఎడమైనా కుడైనా రక్తం ఒకటేనని, ఇవన్నీ మూఢనమ్మకాలని, ఫలానా దేశాల్లో ఎంతోమంది ఎడమచేత్తోనే రాస్తారని చెప్పారు. కాంతమ్మగారు ప్రతి వాక్యానికీ "అవును బాబూ" అంది. మర్నాటి నుంచి ఆసుపత్రికి రావడం మానేసింది. ఆవిడకి వినిపించిందేమిటి? మీ అత్తగారు తెలివితక్కువది, మీ ఆయన తెలివితక్కువవాడు, ఇన్నాళ్ళూ మీరు బతికిన బతుకే తెలివితక్కువది అని. ఎవరు వస్తారు మళ్ళీ?

తక్కెడ

వారం చూసి దీదీ, నేను ఆవిడ ఇంటికి వెళ్ళాం. ముందు కొట్టు, వెనక ఇల్లు. కొట్టు తలుపు చెక్కలు వేసే ఉన్నాయి. లోపల చీకట్లో బెల్లం వాసన.

దీదీ చెయ్యి గురించి ఒక్క మాట ఎత్తలేదు. "చింతపండు కొందారని వచ్చేను. మంచిదేదో నాకు తెల్దు, సూపించండి" అంది. ఇదేమిట్రా అనుకున్నాను నేను. కాంతమ్మగారు లేచి దీపం వేసింది. పాత పండు ఎందుకు నల్లబడుతుందో, కొత్తది ఎందుకు అంటుకుంటుందో చెప్పడం మొదలుపెట్టింది. నెలల తర్వాత ఆవిడ గొంతులో దర్జా విన్నాను. టోకు బేరాలకు పెద్ద కాటా ఉండేది. విడి బేరాలకు మేకుకు వేలాడే చేతి తక్కెడ.

"ఈ తక్కెడ ఎలగట్టుకోవాలండీ? నానట్టుకుంటే పక్కకి లాగేస్తాది" అంది దీదీ.

కాంతమ్మగారు చప్పున తక్కెడ తీసి ఎత్తి పట్టుకుంది. ముల్లు నిటారుగా నిలబడింది. "ఇలగ. బొటనేలు ఇక్కడ. మనిషి కదిలినా సెయ్యి కదలకూడదు."

దీదీ కాసేపు ముల్లునే చూసింది. "ఎడం సేత్తో అట్టుకున్నారే?"

"తక్కెడ ఎడం సేత్తోనే గదమ్మా అట్టుకుంటారు! కుడి సేత్తో సరుకెయ్యాల గదా."

"మీ ఆయనా ఇలగేనా?"

"మా ఆయన, మా మావగారు, ఆళ్ళ నాన్న. కొట్లో ఎవులైనా ఇంతే."

"అయితే ఇన్నేళ్ళూ ఈ కొట్లో లచ్చిమిని ఎత్తిన సెయ్యి ఏది కాంతమ్మగారూ?"

ఆవిడ తక్కెడ అలాగే పట్టుకుని నిలబడిపోయింది. నాకు ఆగలేదు. "చూశారా, అందుకే..." అని మొదలుపెట్టబోయాను. దీదీ నా పాదం మీద కాలేసి తొక్కింది. మామూలుగా కాదు, కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా. తర్వాత, "ఓ గ్లాసుడు టీ ఇప్పిస్తారేటండీ, గొంతెండిపోయింది" అంది. టీ తాగాం. చింతపండు ధర గురించి, వర్షాల గురించి మాట్లాడుకున్నాం. వచ్చేశాం.

దార్లో కోపంగా అడిగాను. "అంత దూరం తీసుకొచ్చి వదిలేశారేం దీదీ? ఇంకొక్క మాట అంటే ఒప్పుకునేది కదా!"

"ఒప్పుకుంటాది. నాకోసం ఒప్పుకుంటాది. నాను ఇంటికెల్లగానే మానేస్తాది" అంది. "ప్రశ్న అడిగేక నోరు మూసుకోవాలే అమ్మీ. జవాబు ఆవిడిది. మనం సెప్పేస్తే అది మనదైపోద్ది."

నేను ఈ వృత్తిలో నేర్చుకున్న వాటిల్లో ఇది అన్నిటికన్నా కష్టమైనది. ప్రశ్నలు ఎవరైనా అడుగుతారు. అడిగి ఊరుకోవడానికి గుండె కావాలి. ఆ రెండు మూడు రోజులూ నాకు నిద్ర పట్టలేదు. దీదీ మాత్రం సుబ్బరంగా తిని తిరిగింది.

సోమవారం ఉదయం కాంతమ్మగారు కరెంటు గది గుమ్మంలో నిలబడి ఉంది. "ఏటి సూస్తావు, పని సెప్పు" అంది నాతో. మేమేమీ చెప్పక ముందే తక్కెడను దూలానికి వేలాడదీయించానని, సరుకు వేసే పని ఎడమచేతికి నేర్పాలని తనే చెప్పింది. ఆ నెలన్నర ఆవిడ కష్టం చూసి మా వార్డులో కుర్రాళ్ళు సిగ్గుపడ్డారు. కాగితం పొట్లం ఒంటిచేత్తో చుట్టడం, దారం కొస పళ్ళతో పట్టి బిగించడం, పప్పు ఒలకకుండా తీయడం. ఒలికినప్పుడల్లా నన్ను తిట్టేది. నేనూ తిట్టేదాన్ని. ఆవిడ తిట్లకు నేను అలవాటుపడిపోయాను, రాని రోజున గది బోసిగా ఉండేది.

కానీ ఒకటి మిగిలిపోయింది. పొట్లం కడుతుంది, బల్ల మీద పెడుతుంది. మనిషి చేతికి అందించమంటే చెయ్యి వెనక్కి లాక్కుంటుంది. "అది మాత్రం అడక్కండమ్మా." దీదీ అడగలేదు.

బేరం

దసరా వెళ్ళిన మర్నాడు ఉదయం మమ్మల్నిద్దర్నీ రమ్మని కబురు పంపింది. వెళ్ళేసరికి తలుపు చెక్కలు తీసి ఉన్నాయి. తక్కెడకు పసుపు, కుంకుమ, బంతిపూలు. కాంతమ్మగారు కొత్త నేత చీర కట్టుకుని గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉంది. సత్యంగారు అన్న మాట ప్రకారం తాళాలు తీసుకోడానికి తొలి బస్సుకే దిగాడు. సంచి చేత్తో పట్టుకుని, లోపలికి రావాలో వద్దో తెలియక గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ తాళాల ఊసు ఎత్తలేదు. ఆయనా అడగలేకపోయాడు.

మొదటి బేరం ఎవరిదా అని నేను వీధివైపే చూస్తున్నాను. బోణీ దగ్గర ఎవరైనా ఎడమచెయ్యి చూసి వెనక్కి తగ్గితే, అంతే, ఆ మనిషి మళ్ళీ కొట్లో కూర్చోదు. తాళాలు గుమ్మంలోనే ఉన్న మరిది చేతికి వెళ్ళిపోతాయి.

కొండ ఊరి నుంచి సంతకు వచ్చే ముసలామె ఒకతి, ఏళ్ళ నాటి బేరం, కాంతమ్మగారికి మావుసీ, అంటే పిన్ని వరస, కొట్టు తెరిచి ఉండడం చూసి గబగబా వచ్చింది. ఇన్నాళ్ళూ ఏమైపోయావని ఒడియాలో కేకలేసింది. బెల్లం అడిగింది. కాంతమ్మగారు ఎడమచేత్తో బెల్లం ముక్క వేసింది, ముల్లు చూసింది, ఇంకో చిన్న ముక్క కొసరు వేసింది. పొట్లం కట్టింది. అక్కడ ఆగింది.

అప్పుడు ఆవిడ చేసిన పని మాకెవరికీ తట్టనిది, దీదీకి కూడా. ఒళ్ళో ముడుచుకుని ఉన్న కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి గల్లాపెట్టె మీద వెల్లకిలా పెట్టుకుంది. ముడుచుకున్న వేళ్ళను ఒక్కొక్కటే ఓపిగ్గా విప్పింది. ఆ అరచేతిలో బెల్లం పొట్లం పెట్టింది.

"తీసుకో మావుసీ" అంది.

ముసలామె ఆ చేతిని చూసింది, ఆవిడ మొహం చూసింది. పొట్లం తీసుకుంది. కొంగుముడి విప్పి, డబ్బులు అదే అరచేతిలో పెట్టి కాస్త నొక్కింది. తాకిడికి ఆ వేళ్ళు తమంతట తామే ముడుచుకున్నాయి. డబ్బులు గుప్పెట్లో ఉండిపోయాయి. వైద్యం తెలిసిన నాకు అందులో వింతేమీ లేదు, బిగుసుకున్న చెయ్యి అలాగే ముడుచుకుంటుంది. అయినా ఆ గుప్పెట మీంచి చూపు తిప్పుకోలేకపోయాను.

కాంతమ్మగారు తన గుప్పెటను తనే చూసుకుని పకపకా నవ్వింది. "సూసేవా అమ్మీ! పని సెయ్యదు గానీ, డబ్బులు పెడితే వదలదు. మా ఇంటి సెయ్యే ఇది!"

దీదీ కళ్ళద్దాలు తీసి చెంగుతో తుడుచుకుంటోంది. నేను బాహాటంగానే ఏడ్చేశాను. ఈలోగా వీధిలో ఇంకో ఇద్దరు ముగ్గురు సంచులు పట్టుకుని ఆగారు. కాంతమ్మగారు వాళ్ళను చూసింది. మరిదివైపు తిరిగింది.

"గుమ్మానికడ్డు నిలబడకు సత్యం బాబూ" అంది. "బేరాలొస్తన్నాయి."